చే గువేరా కాదండీ, గెవారా

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటాను. సొంతూరు అనంతపురం జిల్లా. ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లయినా పొద్దున్నే తెలుగు పేపరు చేతిలో పడకపోతే నాకు కాఫీ దిగదు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం. పోయిన ఆదివారం మీ ఆటల పేజీలో ఒకే స్పెయిన్ టెన్నిస్ కుర్రాడి పేరు హెడ్డింగులో అల్కరాజ్ అనీ, ఫొటో కింద అల్కారజ్ అనీ, వార్త లోపల అల్కరాస్ అనీ పడింది. మా ఆవిడకి టెన్నిస్ తెలీదు, "ముగ్గురన్నదమ్ములా?" అని అడిగింది. నవ్వాను గానీ తర్వాత ఆలోచిస్తే ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది అనిపించింది.

మీ డెస్కులో కూర్చున్నవాళ్లని తిట్టడానికి రాయట్లేదు, రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సిన టెన్షన్ నాకు తెలుసు. నా గొడవల్లా ఒకటే. స్పానిష్ పేర్లని మనం స్పానిష్ నుంచి తెచ్చుకోవట్లేదు, ఇంగ్లీషు నుంచి తెచ్చుకుంటున్నాం. ఏజెన్సీ వార్త ఇంగ్లీషులో వస్తుంది, ఆ అక్షరాలని ఇంగ్లీషు బళ్లో నేర్చుకున్నట్టు చదివేసి తెలుగులో పెట్టేస్తున్నాం. ఇంగ్లీషువాడికైతే గతి లేదు, వాడి స్పెల్లింగుకీ పలుకుబడికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. విన్నది విన్నట్టు రాసుకునే లిపి చేతిలో పెట్టుకుని మనకెందుకీ తిప్పలు?

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. స్పెయిన్ నుంచి మా జిల్లాకి వచ్చి ఉండిపోయిన ఫెర్రర్ గారి సేవా సంస్థ ఆర్డీటీ ద్వారా స్పెయిన్‌లో ఉండే కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకి డబ్బు పంపేవి, దాంతోపాటు అప్పుడప్పుడూ కార్డులు, ఫొటోలు వచ్చేవి. మా పక్కింటి పిల్లకి అట్లా పంపే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ, ఇంగ్లీషు జె తో మొదలవుతుంది. మా మాస్టారు కార్డు చూసి 'జ' అని చదివిపెట్టారు, ఊరంతా అదే ఖాయం చేసుకుంది, ఆ పిల్ల వాళ్లమ్మయితే దేవుడి దగ్గర కూడా 'జ' తోనే మొక్కేది. కొన్నేళ్లకి ఆయన స్వయంగా ఊరికొచ్చాడు. బ్యానరు కట్టాం, దండ వేశాం. ఆయన చేతులు జోడించి తన పేరు చెప్పుకున్నాడు, గొంతు లోపల్నుంచి గట్టిగా 'హ' అని మొదలెట్టి. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ "పాపం దగ్గొస్తా ఉన్నట్టుంది, నీళ్లియ్యండ్రా" అంది. నీళ్లు ఇచ్చాం కూడా. ఆయన తాగాడు కూడా.

అదొక తప్పయితే బ్యానరు మీద ఇంకో తప్పు. ఆయన పేరులో మూడు మాటలుంటే చివరిదే ఇంటిపేరనుకుని దాన్ని పెద్దక్షరాల్లో రాయించారు. ఆయన దాన్ని కాసేపు చూసి, వెంట వచ్చినాయనతో ఏదో చెప్పి నవ్వాడు. "అది మా అమ్మగారి ఇంటిపేరు, మా నాన్న చూస్తే అలుగుతాడు" అన్నాడట.

ఇది చాలామందికి తెలీదు, నాకూ ఉద్యోగంలో చేరేదాకా సరిగ్గా తెలీదు. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు. మొదటిది మామూలుగా నాన్నది, రెండోది అమ్మది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. 1999లో కావాలంటే అమ్మది ముందు పెట్టుకోవచ్చని చట్టం చేశారు, 2017 జూన్ ఆఖరు నుంచైతే నాన్నదే ముందు అనే డిఫాల్ట్ కూడా తీసేశారు, ఏది ముందో తల్లిదండ్రులే చెప్పాలి. కాబట్టి ఒక్కటే వాడాలనుకుంటే మొదటి ఇంటిపేరు వాడాలి, లేదా రెండూ కలిపి వాడాలి. మనం, ఇంగ్లీషువాళ్లు, కంప్యూటరు ఫారాలు అందరం కలిసి చివరి మాట పట్టుకుని వేలాడతాం.

కొలంబియా నవలాకారుడు, 1982లో నోబెల్ వచ్చినాయన గబ్రియెల్ గార్సియా మార్కెస్. ఆయన ఇంటిపేరు గార్సియా మార్కెస్, ఉత్త 'మార్క్వెజ్' కాదు. మన సాహిత్య సభల్లో ఎంత మంది పెద్దలు "మార్క్వెజ్ అన్నట్టు..." అని మొదలెడతారో. వాళ్లు వాడుతున్నది ఆయన తల్లిగారి ఇంటిపేరు, అదీ తప్పు పలుకుబడితో. స్పానిష్‌లో క్యూ, యు తర్వాత ఇ గానీ ఐ గానీ వస్తే అది ఉత్త 'క'. 'క్వ' రాదు. పెరూ రచయిత వర్గాస్ యోసా కూడా అంతే, వర్గాస్ నాన్నది, యోసా అమ్మది, ఆ రెండు ఎల్‌లు కలిస్తే 'య'. దాన్ని 'ల్లోసా' అని రాసినవి నేను చూశాను, నాలిక మడత పడింది.

అయితే స్పానిష్ వాళ్లే ఒక్కోసారి అమ్మ ఇంటిపేరుతో పిలుచుకుంటారు, అది వేరే లెక్క. నాన్నది మరీ మామూలు పేరయితే, అంటే మనకి వీధికి నలుగురుండే పేర్ల లాంటిదయితే, రెండోదాన్ని పట్టుకుంటారు. గార్సియా స్పెయిన్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు, అందుకే కవి గార్సియా లోర్కాని లోర్కా అంటారు. 2004 నుంచి 2011 దాకా ప్రధానిగా చేసినాయన రొద్రీగెస్ సపతేరో, ఆయన్నీ సపతేరో అనే అన్నారు. పికాసో నాన్న ఇంటిపేరు రూయీస్, పికాసో అనేది అమ్మది, బొమ్మల మీద ఆయన చివరికి దాన్నే సంతకంగా ఉంచుకున్నాడు. సపతేరో అంటే చెప్పులు కుట్టేవాడని అర్థం. మా ఫెర్రర్ గారి పేరు బార్సెలోనా వైపు మాట్లాడే కాతలాన్ భాషది, దానర్థం ఏంటో తెలుసా, కమ్మరి! మన దగ్గర కమ్మరి అనేది ఇంటిపేరుగా ఎన్ని కుటుంబాలకి లేదూ. అల్కరాస్ అయితే స్పెయిన్‌లో ఒక ఊరి పేరు, ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకి కొత్తేం కాదుగా. ఇంత దగ్గర చుట్టాలని మధ్యలో ఇంగ్లీషు దుబాసీని పెట్టుకుని పలకరిస్తున్నాం.

ఫెర్రర్ గారి మాట వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. 1920లో బార్సెలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే పోయిన మనిషి. ఆయన విసెంతే ఫెర్రర్. మన పేపర్లు 'విన్సెంట్' అని రాస్తూ వచ్చాయి. ఆయన రెండో ఇంటిపేరు, తల్లి వైపుది, మోంచో. కొడుకు పేరు మాంచో అని మా జిల్లాలో అందరికీ తెలుసు, ఆ మాట ఎక్కడిదో ఎంతమందికి తెలుసంటారు? నలభై ఏళ్లు మనలో ఉన్న మనిషి పేరే మనం ఇంగ్లీషు చేసుకున్నాం. ఆయనకి పట్టింపు లేకపోయి ఉండొచ్చు. జనం ఎట్లాగూ 'ఫాదర్' అనేవాళ్లు.

ఇక ఆఫీసు సంగతి. మా క్లయింటు వైపు మాద్రిద్‌లో ఒకావిడ ఉంటారు. ఆవిడ మొదటి ఇంటిపేరు జె తో మొదలవుతుంది, రెండోదాంట్లో రెండు ఎల్‌లు. అంటే మనవాళ్లని ముంచడానికే పుట్టిన పేరు. మా సిస్టమ్‌లో లాస్ట్ నేమ్ అనే గడిలోకి అమ్మ ఇంటిపేరొక్కటే వెళ్లింది, అసలు ఇంటిపేరు మిడిల్ నేమ్ అయి కూర్చుంది, పాస్‌పోర్టుకీ మా రికార్డుకీ పొంతన లేక ఆవిడ బెంగళూరు వచ్చినప్పుడు గేటు దగ్గర అరగంట నిలబడ్డారు. నేనే వెళ్లి తీసుకొచ్చాను. లిఫ్టులో ఆవిడతో చెప్పాను, మా ఇంటిపేరు ముందుంటుందండీ, అమెరికా ఫారాలు దాన్ని వెనక్కి తిప్పి, అక్కడ మూడేళ్లు ఉన్నప్పుడు బ్యాంకులో నన్ను మా ముత్తాత ఊరి పేరు పెట్టి పిలిచేవాళ్లు అని. తెగ నవ్వారు. ఆ తర్వాతి కాల్ నుంచి నన్ను అసలు పేరుతో పిలిచేది ఆవిడొక్కరే. మావాళ్లు మాత్రం ఇంకా ఆవిడ్ని 'జ' అనే అంటున్నారు.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి, నాకు అసలు ఉత్సాహం ఇక్కడే. స్పానిష్ 'టి', 'డి' అక్షరాలు మన త, ద లకి దగ్గర. ట, డ కాదు. నాలిక పళ్లకి తగలాలి. ఇంగ్లీషు లిపిలో ఈ తేడా చూపించే దారే లేదు, మనకేమో వర్ణమాలలో రెండు వరసలు విడివిడిగా ఉన్నాయి. ఉండి కూడా మనం నెరూడా అని రాస్తాం, నెరూదా అని రాయం. ఫిడెల్ కాస్ట్రో అంటాం, ఫిదెల్ కాస్త్రో అనం. నాదల్, నడాల్ రెండూ మీ పేజీల్లోనే చూశాను, ఒకదాంట్లో ద సరిపోయింది, ఇంకోదాంట్లో దీర్ఘం సరిపోయింది, రెండూ కలిపితే నదాల్, అదీ అసలు పేరు.

దీర్ఘం అన్నాను కదా, దాని కిటుకు చెప్తాను. స్పానిష్‌లో ఏ అక్షరం మీద ఊనాలో స్పెల్లింగే చెప్పేస్తుంది. అచ్చుతో గానీ ఎన్, ఎస్ లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండోదాని మీద, మిగతా వాటికి చివరిదాని మీద. ఈ లెక్క తప్పినప్పుడు మాత్రం అక్షరం నెత్తిన చిన్న గీత పెడతారు. ఊనిక, దీర్ఘం ఒకటే అని భాషాశాస్త్రం చదివినవాళ్లు ఒప్పుకోరు, నాకు తెలుసు, కానీ ఊనిన చోట దీర్ఘం ఇస్తే మన చెవికి చాలావరకు సరిపోతుంది. అల్కరాస్ జెడ్‌తో ముగుస్తుంది, గీత లేదు, కాబట్టి చివర్న 'రా'. రొద్రీగెస్ కూడా జెడ్‌తోనే ముగుస్తుంది గానీ ఐ మీద గీత ఉంది, అందుకని 'ద్రీ'. అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడి పేరు మనం 'జూలియన్ అల్వారెజ్' అంటాం, గీత మొదటి ఎ మీద ఉంది, అంటే ఆల్వరెస్. పేరు ముక్కేమో హులియాన్. ఏజెన్సీ ఇంగ్లీషు కాపీలో ఈ గీతలు చాలాసార్లు రాలిపోయి వస్తాయి, రోగమంతా అక్కడే ఉంది.

గీతే కాదు, ఎన్ మీద పెట్టే మెలిక కూడా రాలిపోతుంది. అది వేరే అక్షరం, పాతకాలం లేఖకులు రెండు ఎన్‌లు రాయాల్సిన చోట ఒకదాన్ని రెండోదాని నెత్తిన ఎక్కించగా పుట్టింది. మెలిక ఉంటే పేన్య, అంటే బండరాయి. తీసేస్తే పేన, అంటే దుఃఖం. మున్యోస్ అనే పేరుని మునోజ్ అని రాస్తున్నాం. అసలు దీనికి సరిపోయే అక్షరం మన దగ్గర ఞ రూపంలో ఎప్పట్నుంచో కూర్చుని ఉంది, పాపం 'జ్ఞ'లో తప్ప ఎవరూ పని చెప్పరు. ఞ వాడమని అడగను, ఎవరూ చదవలేరు. 'న్య' చాలు.

ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. హెచ్ పలకదు, కాబట్టి వెనెజువేలా అధ్యక్షుడిగా చేసినాయన హ్యూగో చావెజ్ కాదు, ఊగో చావెస్. జెడ్ స్పెయిన్‌లో చాలాచోట్ల 'థాంక్స్'లో థ లాగా, మెక్సికోలో, దక్షిణ అమెరికాలో 'స' లాగా ఉంటుంది. 'జ' అయితే ఎక్కడా కాదు. అందుకని అన్నిటికీ 'స' పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. జి, యు తర్వాత ఇ వస్తే ఆ యు పలకదు. ఇప్పుడు మన ఆటోల వెనకా, కాలేజీ కుర్రాళ్ల టీషర్టుల మీదా ఉండే ఆ గడ్డపాయన పేరు చూడండి. ఊళ్లో ఫ్లెక్సీల దగ్గర్నుంచి ఎర్రజెండా పత్రికల దాకా 'గువేరా'. ఆయన గెవారా. 'వా' మీద ఊనిక. 1959లో ఆయన మన దేశానికి వచ్చి వెళ్లాడు కూడా, అప్పుడైనా ఎవరైనా అడిగి ఉండాల్సింది.

"ఇంగ్లీషులో అట్లాగే అంటారు కదండీ" అని మీరనొచ్చు. ఇంగ్లీషువాళ్లలో కూడా దీని మీద కొట్లాటలున్నాయి. 2009లో సోనియా సోటోమయోర్‌ని అమెరికా సుప్రీంకోర్టుకి ప్రతిపాదించినప్పుడు, ఆవిడ చెప్పినట్టు చివరి 'యోర్' మీద ఊనడం ఇంగ్లీషుకి సహజం కాదు, మేమెందుకు మా నోళ్లు మార్చుకోవాలని అక్కడ ఒక వ్యాసకర్త రాశాడు, దాని మీద పెద్ద రభసే జరిగింది. ఇంగ్లీషు పలుకుబడికి దాని అలవాట్లుంటాయన్న మాట వరకూ నేను ఒప్పుకుంటా. కానీ తెలుగుకి ఇంగ్లీషు అలవాట్లు ఎందుకుండాలి? ఊరంతా బ్యాంగలోర్ అంటున్న రోజుల్లో కూడా తెలుగు పేపరు బెంగళూరు అనే రాసింది. ప్రభుత్వం 2014 నవంబరులో ఇంగ్లీషు స్పెల్లింగు మార్చింది, మీరు మార్చుకోవాల్సిన పనే పడలేదు. కనిమొళి పేరులో ఇంగ్లీషు జెడ్, హెచ్ ఉన్నాయి, మీరెప్పుడైనా 'కనిమొజి' అని రాశారా? తమిళం మనకి తెలుసు కాబట్టి రాయలేదు. ఇంకో విచిత్రం వినండి. మా అపార్ట్‌మెంటులో సగం మంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు, కింద పార్కులో కూర్చునే పెద్దవాళ్లని అడిగితే "మావాడు శాన్ హోజేలో ఉంటాడు" అంటారు. అందరూ 'హో' అనే అంటారు, ఒక్కరూ 'జోస్' అనరు. అదే మాట మనిషి పేరుగా పేపర్లో వస్తే మాత్రం జోస్. కొడుకున్న ఊరి పేరు సరిగ్గా పలకడం వచ్చినప్పుడు పరాయి మనిషి పేరు ఎందుకు రాదు?

అలా అని కనిపించిన ప్రతి జె నీ హ చేసేయమని కాదు, అది ఇంకో రకం తెలివితక్కువతనం. ఫుట్‌బాల్ కోచ్ జోసె మౌరిన్యో పోర్చుగీసువాడు, ఆయన పేరులో జె మన 'జ'కి దగ్గరగానే ఉంటుంది. కేరళ జోస్ గారు జోస్‌గానే ఉండాలి. మా పై అంతస్తులో మంగళూరు వాళ్లుంటారు, వాళ్ల ఇంటిపేరు పోర్చుగీసు నుంచి వచ్చింది, చివర ఎస్ ఉంటుంది, జెడ్ కాదు. జార్జి ఫెర్నాండెస్‌ది కూడా ఎస్సే, మన పేపర్లు జీవితాంతం ఆయన్ని ఫెర్నాండెజ్ చేసి వదిలిపెట్టాయి. క్రికెటర్ జెమీమా పేరు 'రోడ్రిగ్స్' అని రాస్తున్నారు, అది సరే, మన దగ్గర ఆ పేరు అట్లాగే పలుకుతారు. అమెరికా సెనేటర్ టెడ్ క్రూజ్ తన పేరు 'జ' తోనే చెప్పుకుంటాడు, ఆయన్ని క్రూస్ చేయాల్సిన అవసరం లేదు. అక్కడి కాంగ్రెస్ సభ్యురాలు ఒకాసియో-కోర్టెజ్ గారైతే మధ్యలో అడ్డగీత పెట్టుకుంది రెండూ కలిపి చదవండి అని, దాన్ని విరిచి సగం పేరు రాయకండి. ఇక్కడి కంఠీరవ స్టేడియంలో ఆడే బెంగళూరు ఫుట్‌బాల్ జట్టుకి 2018-19 ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ తెచ్చిన కోచ్ పేరు కార్లెస్ క్వద్రాత్, అది కాతలాన్ పేరు, అచ్చుతప్పు అనుకుని కార్లోస్ చేసిన వాళ్లున్నారు. మనిషి తన పేరు ఎలా చెప్పుకుంటే అలా రాయాలి, అంతకు మించి నాకు వేరే సిద్ధాంతం ఏమీ లేదు. మెక్సికోని మెహికో చేయమని కూడా అడగను, ఆ మాట మన నోట్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. 'వ'ని వాళ్లు 'బ'లా పలుకుతారు, దాని జోలికి కూడా వెళ్లొద్దు, పాఠకుడు పారిపోతాడు.

నేనడిగేది చిన్న పనే. వచ్చే ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యేలోపు డెస్కులో ఒక కాగితం గోడకి అతికించండి. హిమేనెస్, మార్తీనెస్, పేరెస్, ఎర్నాందెస్, కస్తీయో, ఇట్లా ఓ నలభై యాభై పేర్లు చాలు, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. వార్త రాసేటప్పుడు ఇంగ్లీషు కాపీ పక్కన ఆ పేరున్న మనిషి తన పేరు తాను చెప్పుకునే వీడియో ఒకటి వినండి, అర నిమిషం పని. రెండు ఇంటిపేర్లుంటే మొదటిసారి రెండూ రాయండి, తర్వాత వాళ్లు ఏది వాడుకుంటే అది. ఒకే పేజీలో మాత్రం ఒకే మనిషిని ముగ్గురిని చేయకండి, మా ఇంట్లో జవాబు చెప్పుకోలేకపోతున్నాను.

ఆ కాగితం నన్నే తయారు చేసి పంపమంటే పంపుతాను. మాద్రిద్ ఆవిడ సరిచూసి పెడతానన్నారు, నాకూ ఆదివారాలు ఖాళీయే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు